తలుపు దగ్గర్నుంచి స్టేజీ దాకా

"శామీర్‌పేటలో ఏవుందే చూడ్డానికి?" అంది మా అత్తగారు, నేను బ్యాగు సర్దుకుంటుంటే. చెరువుంది, జింకల పార్కుంది, చేపల వేపుడుంది అని చెప్పాను. చేపల వేపుడు కోసం తణుకు నుంచి రైలెక్కి ఎవరైనా వెళ్తారా అని ఆవిడ ఆ రోజంతా దెప్పుతూనే ఉంది.

నిజానికి నేను వెళ్ళింది మా ఫిజియోథెరపీ కాలేజీకి పదేళ్ళు నిండిన పండగకి. మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్య రోడ్డు మీద, చుట్టూ రాళ్ళగుట్టలూ ద్రాక్షతోటలూ ఉండే చోట మా కాలేజీ. మొదటి బ్యాచ్ మాదే. మేం చేరిన రోజుల్లో ఫిజియోథెరపీ అంటే మా ఊళ్ళో "ఓహో, మసాజా?" అనేవాళ్ళు. ఇప్పటికీ కొందరు అంటారు. వాళ్ళకి మర్యాదగా జవాబు చెప్పడం నేను ఎప్పుడో మానేశాను.

వెళ్దామా వద్దా అని ఊగిసలాడుతుంటే ప్రభుదాస్ సార్ ఫోను చేశారు. పడిపోయిన మనిషిని లేపి నడిపించడం ఎలాగో మాకు నేర్పింది ఆయనే. ఆయనకే రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. "లలితా, నువ్వు రావాలె. నీతోని ఒక పని పడ్డది," అన్నారు. ఏం పని సార్ అని అడిగేలోపు పెట్టేశారు. ఇక టికెట్టు కొనక తప్పలేదు.

సికింద్రాబాద్ నుంచి

స్టేషన్ బయట ఇరానీ హోటల్లో టీ తాగాను. మా గోదావరి వైపు టీ అంటే నీళ్ళు, పంచదార, మర్యాద కోసం కాసిని పాలు. ఇక్కడ టీ చిక్కగా ఉంటుంది, కప్పు చిన్నది, ధర పెద్దది. రెండు ఉస్మానియా బిస్కెట్లు తిన్నాక ప్రాణం లేచొచ్చింది.

అల్వాల్ వైపు వెళ్ళే బస్సులో నా పక్కన గుడివాడ ఆవిడ కూర్చుంది. భర్తకి బ్యాంకులో ఉద్యోగం, బొల్లారం దాటాక ఏదో కొత్త కాలనీలో ఇల్లు. నా మాట వినగానే "మీరు మావైపేనా అండీ?" అని నా చెయ్యి పట్టుకుంది. కీసర దగ్గర ప్లాటు కొన్నారట, ఔటర్ రింగు రోడ్డు వస్తోందట, నన్నూ కొనెయ్యమంది. ఇక్కడ నీళ్ళు ఉప్పన, మనుషులు మంచివాళ్ళు, కూరగాయల వాడు మాత్రం గోంగూర అంటే వింతగా చూస్తాడు, పుంటికూర అనాలట. మీరేం చేస్తారని అడిగి, నేను చెప్పగానే చీర మోకాలి దాకా జరిపి "కాస్త చూడండమ్మా, మెట్లు దిగుతుంటే కలుక్కుమంటోంది," అంది. కదిలే బస్సులో, కండక్టరు చూస్తుండగా ఆవిడ మోకాలు వంచి చాపించాను. కింద కూర్చుని కూరలు తరగొద్దని చెప్పాను. పెళ్ళికెళ్ళినా, కర్మకాండకెళ్ళినా, మా ఫిజియోథెరపీ వాళ్ళకి ఇది తప్పదు.

యాప్రాల్ దగ్గర ఆటో ఎక్కాను. డ్రైవరు పేరు యాదగిరి. కౌకూర్‌లో ప్రభుదాస్ సార్ ఇల్లు అనగానే అద్దంలోంచి నన్ను చూశాడు.

"గా నడిపించే సారింటికా అమ్మా? పాపం, చర్చిల పడ్డడు గదా. ఎరుకనా మీకు?"

"ఎప్పుడు?" అన్నాను ముందుకు వంగి.

"పోయిన నెలల. నా ఆటోలనే తీస్కపోయినం దవాఖానకు. మస్తు పరేషాన్ అయినం. బొక్క ఇరగలే గనీ, గప్పటిసంది సారు బైటికి వస్తలేడు."

హకీంపేట సైనిక స్థావరం విమానం ఒకటి చెవులు చిల్లులు పడేలా నెత్తి మీంచి పోయింది. యాదగిరి ఇంకా ఏదో చెప్పాడు గాని నాకు వినపడలేదు.

కౌకూర్

సార్ భార్య సుగుణమ్మ ఆంటీ గేటు దగ్గరే నిలబడి ఉంది. "వచ్చినవా బిడ్డా! మంచిగున్నవా? బక్కగైనవ్," అంది. నేను బక్కగా అయ్యానన్న మనిషి ఈ భూమ్మీద ఆవిడ ఒక్కతే. చదువుకునే రోజుల్లో ఆదివారాలు హాస్టలు తిండి పడక ఈ ఇంటికి వచ్చేసేవాళ్ళం. ఆవిడ చర్చి నుంచి రాగానే బగారన్నం వండి, ముందు ప్రార్థన చేసి పెట్టేది. మాలో సగంమంది నుదుట బొట్టుతో, కళ్ళు మూసుకుని, ఆకలితో ఆమెన్ అనేవాళ్ళం.

లోపలి గదిలోంచి చప్పుడు వినిపించింది. ముందు కర్ర టక్కుమంది. తర్వాత ఎడమ పాదం నేలమీద సర్రున ఈడ్చుకుంది. ఆ తర్వాత కుడి పాదం దిటవుగా పడింది. నమస్కారం పెట్టడం కూడా మరిచిపోయి ఆ పాదాలనే చూశాను.

"చూసుడు అయిందా?" అన్నారు సార్. "మార్కులెయ్యి మరి."

"ఎడమ పాదం లేవట్లేదు సార్. బొటనవేలు నేలకి తగులుతోంది."

"ఎరుకే. నాకు తెల్వని సంగతేమన్న ఉంటె చెప్పు."

మనిషి సగమయ్యారు. ఒకప్పుడు ఆయన వార్డులోకి వస్తే మంచాలు కూడా సర్దుకుని నిలబడేవి. గొంతు మాత్రం అదే.

టిఫిను తిన్నాక ఆంటీ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. "చర్చిల బల్లకాడికి నడుసుకుంట పోతున్నడు బిడ్డా. రొట్టె, ద్రాక్షరసం తీసుకునేతందుకు. అందరి ముంగట పడ్డడు. నలుగురు లేపిన్రు. గా లేపుడే ఆయనకు తక్లీఫ్, పడుడు కాదు." గొంతు తగ్గించింది. "డాక్టరేమన్నడంటే, బొక్కలు బోలుగైనయంట. మల్ల పడితే తుంటి ఇరుగుతదంట. ఇరిగితే ఇగ మంచం దిగడంట."

అంత జరిగాక కూడా సార్ కాలేజీ వాళ్ళకి ఒక షరతు పెట్టారు. పదేళ్ళ పండగకి వస్తాను, కాని హాలు తలుపు దగ్గర్నుంచి స్టేజీ దాకా నడిచే వస్తాను, చక్రాల కుర్చీ తెస్తే రానే రాను. ప్రిన్సిపాలు నచ్చజెప్పారు, కొడుకు నచ్చజెప్పాడు, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి మరీ నచ్చజెప్పారు. ఊహూ.

ఆంటీ నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు పక్కపొంటి నడుస్తవంట. ఆయన ఏమన్న అననీ, తిట్టనీ, నువ్వు పట్టుకునే ఉండు. నీ చేతులు గట్టియి. ఒదలనని మాటియ్యి నాకు."

ఇచ్చాను. ఆ కళ్ళు చూస్తే ఎవరైనా ఇస్తారు.

సాయంత్రం సార్ నన్ను ముందు వాకిట్లోకి పిలిచారు. "నీ పని చెప్త ఇను. నా ఎడమ దిక్కు, ఒక్క అడుగు ఎన్కకు నడువు. చెయ్యి దగ్గర పెట్టు. మీద పెట్టకు. నేను పడేదాంక పట్టుకోవద్దు. సరేనా?"

"సరే సార్," అన్నాను.

చూశారా నా తెలివి. పొద్దున ఒకరికి వదలనని, సాయంత్రం ఇంకొకరికి పట్టుకోనని మాటిచ్చాను. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, నేనూ ఆ ఇంట్లోనే తింటున్నాను.

దగ్గర పెట్టడం, మీద పెట్టకపోవడం: మా పనంతా ఆ రెంటి మధ్యనే ఉంది. పేషెంటు బలహీనంగా ఉన్న వైపు నిలబడాలి. చెయ్యి మోచేతికి ఆనీ ఆనకుండా ఉండాలి. పట్టుకుంటే వాళ్ళు మన మీద వాలతారు, కాలు నేర్చుకోదు. వదిలేస్తే పడతారు. ఈ విద్య నాకు ఎప్పుడూ సరిగా పట్టుబడలేదు. నా నోరే ఊరుకోదు, చేతులు అసలు ఊరుకోవు. మూడో ఏడాదిలో వార్డంతా వినేలా "లలితా! నడిపిస్తున్నవా, ఎత్తుకపోతున్నవా?" అని సార్ అరిచిన రోజు నుంచీ క్లాసులో నా పేరు క్రేన్. పెళ్ళి శుభలేఖ మీద కూడా ఒకడు అదే రాసి పంపాడు.

మరి అంత మంది ఉండగా నన్నెందుకు పిలిచారు? అడిగితే సార్ చెప్పలేదు.

వాకిట్లో గేటు దాకా నడిచాం. వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. వెనక్కి తిరిగేటప్పుడు కర్ర ఒక్క క్షణం వెనకబడి, మనిషి నావైపు ఒరిగారు. అంతే, నా చెయ్యి ఆయన చంకలోకి పోయింది. నేను పంపలేదు, అదే పోయింది. సార్ నిలబడిపోయారు.

"పడుతున్ననా?"

"లేదు సార్."

"మరెందుకు పట్టుకున్నవ్?"

చెయ్యి తీసేశాను. ఆయన మెట్టు మీద కూర్చుని రోడ్డు వైపు తిరిగారు. రాత్రి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది ఆంటీ. మా ఇంట్లో అలకలొస్తే పళ్ళేల చప్పుడు పెరుగుతుంది. ఇక్కడ ఎవరి చెంచా కూడా చప్పుడు చెయ్యలేదు. అది ఇంకా భయంగా ఉంది.

శామీర్‌పేట

మర్నాడు హాలు చూసి రావాలని బయల్దేరాను. తూంకుంట దాటాక దారి గుర్తుపట్టలేకపోయాను. ఒకప్పటి ద్రాక్షపందిళ్ళ చోట తెల్ల రంగేసిన రాళ్ళు, రంగురంగుల జెండాలు, "మీ కలల ప్లాటు" అని బోర్డులు. హాస్టలు నుంచి దొంగతనంగా వెళ్ళి కోసుకున్న తోట ఇప్పుడు ఎవరిదో రెండు వందల గజాల కల.

చెరువు కట్ట దగ్గర బస్సు దిగాను. నీళ్ళు తగ్గాయి గాని గాలి అదే. కట్ట కింద పెనం పెట్టుకున్నావిడ దగ్గర ఇరవై రూపాయలకి రెండు చేప ముక్కలు కొన్నాను. మా వైపు చేపంటే పులుసు, అదీ రాత్రి వండి మర్నాడు తినాలి. ఇక్కడ ఎర్రగా కారం పట్టించి, కళ్ళముందే వేయించి, పైన ఉల్లిగడ్డ, నిమ్మకాయ పెట్టి చేతికిస్తారు. "కారం ఎక్కువైందా అక్కా? కండ్లల్ల నీళ్ళొస్తున్నయి," అందావిడ. అవునన్నాను. కారం కొంతే. రేపు పొద్దున ఆ మనిషి తుంటి నా చేతుల్లో ఉంది, ఆ చేతులేమో నా మాట వినవు. అసలు రాకపోయినా బావుండేదనిపించింది, నిజంగా.

కాలేజీలో శిరీష అనే ఆఖరి సంవత్సరం అమ్మాయి నన్ను అంటిపెట్టుకుంది. ఏర్పాట్లన్నీ తనవే. చురుకైన పిల్ల, కరీంనగర్ మాట. "మీరు క్రేన్ మేడం గదా?" అంది మొదటి మాటే. నా కీర్తి బ్యాచ్‌లు దాటి వచ్చిందన్నమాట.

హాలు చూసి తల పట్టుకున్నాను. తలుపు నుంచి స్టేజీ దాకా ఎర్ర తివాచీ పరిచారు, దాని అంచులు అప్పడాల్లా లేచి ఉన్నాయి. స్టేజీ మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు.

"తివాచీ తీసెయ్యండి," అన్నాను.

"అయ్యో మేడం, చీఫ్ గెస్టు ఫీలైతడు."

"చీఫ్ గెస్టు పడ్డా లేస్తాడమ్మా. సార్ లేవరు."

ఇంకో మాట లేకుండా చుట్టేశారు. వడ్రంగిని పిలిపించి మెట్ల మధ్యలో చెక్కలు వేయించి ఎత్తు తగ్గించాం. గజమాల వద్దన్నాను, అంత బరువు మెడలో పడితే మనిషి తూకం తప్పుతుంది. శాలువా కూడా కూర్చున్నాకే కప్పాలన్నాను, లేకపోతే కర్ర దానిలో చిక్కుకుంటుంది. మావైపు సన్మానమంటే మనిషి కనపడకుండా దండలెయ్యాలి. ఇక్కడా తక్కువేం కాదు. శిరీష మొహం చిన్నబోయింది. "మరి సారును ఎట్ల రిసీవ్ చేసుకోవాలె మేడం, ఒట్టి చేతులతోనా?"

"ఒట్టి చేతులతోనే," అన్నాను.

బయటికి వస్తూ మూలన గోనెసంచి నిండా బంతిపూలు చూశాను. గుమ్మానికి తోరణాలు కట్టడానికి అనుకున్నాను. అడగాలన్న ఆలోచన కూడా రాలేదు.

తలుపు దగ్గర

పండగ రోజు యాదగిరి ఆటోలోనే వచ్చాం. కారు పంపుతామంటే సార్ వద్దన్నారు, ఆటో ఎత్తు ఆయన కాలికి సరిగ్గా సరిపోతుందట. ఆంటీ దారి పొడుగునా పెదాలు కదుపుతూ ప్రార్థిస్తూనే ఉంది. దిగగానే నా భుజం నొక్కి, ముందు వరుసలో కూర్చోడానికి వెళ్ళిపోయింది. ఆ నొక్కుడు అర్థం కాకపోవడానికి నేనేం చిన్నపిల్లని కాదు.

లోపల మైకులో ఎవరో మాట్లాడుతున్నారు. పది బ్యాచ్‌ల వాళ్ళు, టీచర్లు, పిల్లలు, హాలు కిక్కిరిసి ఉంది. మూసిన తలుపు ముందు మేమిద్దరమే నిలబడ్డాం. సార్ తెల్లచొక్కా ఇస్త్రీ నలగలేదు. కుడిచేతి వేళ్ళు మాత్రం కర్ర మీద తెల్లబడ్డాయి. భయపడుతున్నారు. ప్రభుదాస్ సార్ భయపడటం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

"సార్, ఇప్పటికైనా చెప్పండి. నన్నెందుకు పిలిచారు? నాకు చేతులు ఆగవని మీకు తెలుసు కదా."

"అందుకే పిలిచిన," అన్నారు. తలుపు వైపే చూస్తూ చెప్పారు. "లోపల ఉన్నోళ్ళందరికి నువ్వు ఎరుకే. వేరేటోళ్ళు పక్కకుంటే, ఏదో ఒక కాడ పట్టుకునే ఉంటరు, మనకు కనవడలే అనుకుంటరు. నువ్వు పట్టుకోలేదంటే మాత్రం నమ్ముతరు, నేనే నడిసిన అని. చర్చిల నన్ను మోసుకపోయినప్పుడు చూసినోళ్ళు గిందుల గూడ ఉన్నరు లలితా."

నాకు కళ్ళు తుడుచుకోవడానికి కూడా వ్యవధి లేకపోయింది. తలుపు తెరుచుకుంది.

తెరుచుకోగానే నా పైప్రాణం పైనే పోయింది. దారికి రెండు పక్కలా తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు బారులు తీరి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో పళ్ళెం. పళ్ళేల నిండా బంతిరేకలు.

దండ వద్దన్నాను, తివాచీ వద్దన్నాను, శాలువా వద్దన్నాను. పూలు చల్లొద్దని చెప్పలేదు. రోజూ పేషెంట్ల ఇళ్ళకెళ్ళి, కాలిపట్టలు తీసెయ్యండి, తడి తుడవండి, నేలమీద ఏమీ ఉండకూడదని ఊదరగొట్టే పిల్లలు, అభిమానం పొంగిపోయి, నున్నటి బండల మీద చేతులారా రేకలు కుమ్మరించేశారు. అదీ సార్ కాళ్ళ ముందే.

నేను అరిచేలోపే ఆయన మొదటి అడుగేశారు. కర్ర, ఎడమ కాలు, కుడి కాలు. హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు మొదలై, అంతలోనే ఆగిపోయాయి. అందరూ మావాళ్ళే కదా, అందరి కళ్ళూ మోకాళ్ళ కిందకే దిగాయి. ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు, ఆ ఎడమ బొటనవేలు ఎంత ఎత్తు లేస్తోందో హాలు మొత్తానికి కనిపిస్తోంది.

దారి సగం గడిచింది. పూలు ఇంకా పడుతూనే ఉన్నాయి. సార్ కర్ర ముందుకు పెట్టారు. దాని రబ్బరు కింద రేకల కుప్ప. కర్ర జానెడు పక్కకి జారింది.

ఆయన నావైపు ఒరిగారు. ముందు వరుసలోంచి ఆంటీ "ప్రభువా" అనడం విన్నాను. నా చెయ్యి ఆయన మోచెయ్యి కింద దాకా వెళ్ళింది, చొక్కా గుడ్డ నా వేళ్ళకి తగిలింది. పడుతున్నారా? లేదు. కుడికాలు బిగిసింది, నడుము నిలబడింది. పడటం లేదు. పడేదాకా పట్టుకోనని చెప్పాను. ఆ చేతిని అక్కడే ఆపడానికి నాకు ఎంత బలం పట్టిందో, మనిషిని ఎత్తడానికి కూడా ఎప్పుడూ అంత పట్టలేదు.

చెయ్యి ఆపాను గాని నోరు ఆపలేదు. "ఎవరూ చల్లొద్దు! ఆపండి!" అని కేకేశాను.

పళ్ళేలు ఆగిపోయాయి. సార్ మధ్యలో నిలబడిపోయారు. ముందంతా పూలే. ఆయనకి నడవడం కంటే నిలబడటం కష్టం, ఎక్కువసేపు నిలబడితే ఎడమ మోకాలు వణుకుతుంది. అప్పుడే వణకడం మొదలైంది. కుర్చీ తెమ్మంటే ఒక్క క్షణంలో వస్తుంది. అంతటితో ఆయన నడక అయిపోతుంది.

శిరీష పళ్ళెం పక్కన పడేసి మోకాళ్ళ మీద కూలబడింది. చున్నీ తీసి బండలు తుడవసాగింది. ఆమె ఎదురుగా ఉన్న పిల్లవాడు తెల్లకోటు విప్పి దానితో ఊడ్చాడు. ఆ తర్వాత బారులు బారులే వంగాయి. మా బ్యాచ్ వాళ్ళు, పొట్టలొచ్చినవాళ్ళు, పట్టుచీరలవాళ్ళు, కుర్చీల్లోంచి లేచొచ్చి అరచేతులతో రేకలు పక్కకి నెట్టారు. ఒక్కరూ సార్‌ని ముట్టుకోలేదు. ఆయన ముందు బండలు ఒక్కొక్కటే బయటపడుతూ స్టేజీ దాకా వెళ్ళాయి.

"ఇగ నడుద్దామా?" అన్నారు సార్, నాకే వినపడేట్టు.

నడిచాం. మెట్ల దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగారు. అంతే, హాలంతా ఒక్క గొంతుతో, ఎవరూ అనుకోకుండా, "మంచి కాలు ముందు సార్!" అనేసింది. ఎక్కేటప్పుడు మంచి కాలు, దిగేటప్పుడు చెడ్డ కాలు. మేం పేషెంట్లకి నిద్రలో కూడా చెప్పే మాట అది.

సార్ కర్ర మీద ఆనుకుని తల వెనక్కి తిప్పారు. "నాకు చెప్తున్నరా? మీకు చెప్పిందెవరు?"

హాలు గొల్లుమంది. నవ్వుతూ చాలామంది ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ఆయన మంచి కాలు ముందు పెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కి, కుర్చీలో కూర్చున్నారు. ఆయన వెనకే ఎక్కిన నా రెండు చేతులూ ఇంకా గాలిలోనే ఉన్నాయి. స్టేజీ మీదున్న టీచరు ఒకావిడ వాటిని నెమ్మదిగా కిందికి దించి, నన్నూ ఓ కుర్చీలో కూర్చోబెట్టింది.

దిగడం

ఉపన్యాసాలు జరిగాయి. చీఫ్ గెస్టుగా రావాల్సిన మంత్రిగారు రాలేదు, ఆయన బదులు వచ్చినాయన ఫిజియోథెరపీని రెండుసార్లు సైకోథెరపీ అన్నాడు. సార్ మాత్రం మైకు తీసుకుని చాలా తక్కువ మాట్లాడారు.

"ఇన్నేండ్లు మీకు ఒకటే చెప్పిన, పట్టుకోకున్రి అని. అది సగమే. ఎప్పుడు పట్టుకోవాలె, ఎవరు పట్టుకోవాలె అనేది పేషెంటు చెప్తడు. మీరు కాదు. గిది నేను పడ్డంక నేర్చుకున్న."

తర్వాత భోజనాలకి లేవమన్నారు, స్టేజీ మీది వాళ్ళంతా దిగిపోయారు. అప్పుడు నాకు తట్టింది: ఎక్కడం గురించే అందరం ఆలోచించాం, దిగడం గురించి ఎవరం ఆలోచించలేదు. కాలు అలిసిపోయింది, కమ్మీ లేదు, దిగడం ఎక్కడం కంటే ప్రమాదం. నేను లేచి మెట్ల కింద నిలబడబోయాను. ఎదురుగా ఉండి కాచుకోవడం పద్ధతి.

సార్ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపారు. ముందు వరుస వైపు చూశారు.

"సుగుణా. రా. పట్టుకో."

ఆంటీ ఒక్క క్షణం కదల్లేదు. చర్చిలో పడ్డ రోజు నుంచీ ఇంట్లో ఆవిణ్ణి కూడా చెయ్యి వెయ్యనివ్వని మనిషి సార్. తర్వాత ఆవిడ చెప్పులు అక్కడే విడిచి, మెట్లెక్కి వచ్చింది. వచ్చి కుడి వైపు నిలబడింది. రెండు చేతులతో ఆయన కుడి చెయ్యి గట్టిగా చుట్టుకుంది.

అది తప్పు వైపు. పట్టుకోవాల్సింది ఎడమవైపు. కుడిచెయ్యి పట్టేసుకుంటే కర్ర పట్టుకోవడానికి చెయ్యే ఉండదు. మొదటి ఏడాది పిల్ల కూడా చెప్తుంది ఆ మాట. హాలునిండా ఉన్నది అలా పట్టుకున్నవాళ్ళని రోజూ సరిదిద్దేవాళ్ళే. ఎవరి నోరూ లేవలేదు. శిరీష పెదవి కొరుక్కుంది.

సార్‌కి తెలియదా? ఆయన ఆంటీని చూశారు, మమ్మల్ని చూశారు. కర్ర నా చేతికి ఇచ్చారు. చెడ్డ కాలు ముందు పెట్టి, తప్పువైపు నిలబడ్డ భార్య మీద బరువంతా వేసి, ఒక్కో మెట్టే దిగారు. ఆఖరి మెట్టు దిగాక ఆంటీ నావైపు తిరిగి చూసింది. ఒదలలేదు బిడ్డా అన్నట్టుంది ఆ చూపు. స్టేజీ మీద కర్ర పట్టుకుని నేనొక్కదాన్నే మిగిలాను.

తణుకు

మేడ్చల్ నుంచి బస్సు కండ్లకోయ దగ్గర కాలేజీ బస్సుల మధ్య ఇరుక్కుంది, రైలు తప్పినంత పనైంది. అత్తగారికి చెరువు చూశానని చెప్పాను, చేపల గురించి కూడా చెప్పాను. కారం ఎక్కువా అని అడిగింది.

సోమవారం క్లినిక్కి పక్షవాతం పేషెంటు వచ్చాడు, భార్య వెంట ఉంది. ఆవిడ వచ్చీ రాగానే మంచి చెయ్యి వైపు చేరి, రెండు చేతులతో వాటేసుకుని నడిపించడం మొదలుపెట్టింది. "అమ్మా, అటు కాదు," అనబోయి ఆగాను. గది ఆ చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేదాకా ఇద్దరినీ అలా నడవనిచ్చి, ఆ తర్వాత చెప్పాను.